సమానంగా పంచినా గొడవెందుకు? వాటా, పద్ధతి, మర్యాద అనే మూడు వేర్వేరు లెక్కలు

ఐదు రబ్బర్లు, ఇద్దరు అబ్బాయిలు. గది శుభ్రం చేసినందుకు ఇద్దరికీ బహుమతి ఇవ్వాలి. తలా రెండు ఇచ్చాక ఒకటి మిగిలింది. దాన్నేం చేద్దామని ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలను అడిగితే, వారిలో ఎక్కువమంది చెత్తబుట్టలో పారేయమన్నారు. షా, ఓల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగం ఇది. ఇద్దరిలో ఒకడు ఎక్కువ పని చేశాడని ముందే చెప్పినప్పుడు మాత్రం పిల్లలు ఐదో రబ్బరు వాడికే ఇచ్చారు.

అంటే పిల్లలకు తేడా అంటే పడదని కాదు. కారణం లేని తేడా పడదు. కారణం చూపిస్తే ఒప్పుకుంటారు. పెద్దవాళ్ల గొడవ మొదలయ్యేది సరిగ్గా అక్కడే: ఏది సరైన కారణం, దాన్ని తేల్చేదెవరు, తేల్చేటప్పుడు మనతో ఎలా మాట్లాడారు?

ఈ ప్రశ్నలు రెండు చోట్ల గట్టిగా వినిపిస్తాయి. ఒకటి సామూహిక వ్యాపారం, అంటే సభ్యులే పెట్టుబడి పెట్టి, సభ్యులే యజమానులుగా నడుపుకునే సహకార సంఘం, ఉమ్మడి దుకాణం, ఉత్పత్తిదారుల సంఘం లాంటివి. రెండోది తరగతి గది. పైకి పోలిక లేని ఈ రెంటినీ కలిపి చూడటానికి కారణం ఉంది. మామూలు దుకాణంలో మర్యాద దక్కకపోతే పక్క దుకాణానికి పోవచ్చు. సంఘంలో సభ్యుడికి, బడిలో పిల్లవాడికి ఆ వీలు ఉండదు. ఈ రోజు గొడవపడిన మనిషి పక్కనే రేపూ కూర్చోవాలి.

"ఇది అన్యాయం" అన్న మాటలో దాగిన మూడు ఫిర్యాదులు

మొదటిది వాటా గురించి: నాకు రావలసినంత రాలేదు. రెండోది పద్ధతి గురించి: వచ్చింది సరేగానీ, ఇంతే అని ఎలా తేల్చారు? మూడోది మర్యాద గురించి: తేల్చారు సరే, నలుగురిలో నాతో మాట్లాడిన తీరేమిటి?

పరిశోధకులు వీటిని పంపిణీ న్యాయం, ప్రక్రియా న్యాయం, వ్యవహార న్యాయం అని విడదీస్తారు. వాటా చర్చ అరిస్టాటిల్ నాటిది. పద్ధతి సంగతిని 1975లో టిబో, వాకర్ న్యాయస్థానాల తరహా ప్రయోగాలతో వేరుచేసి చూపారు. తమ వాదన వినిపించే అవకాశం దక్కినవారు, ఓడిపోయినా సరే, తీర్పును ఎక్కువగా అంగీకరించారు. మూడోదానికి 1986లో బీస్, మోగ్ పేరు పెట్టారు.

ఈ విభజన పుస్తకాల కోసమే అనుకుంటే పొరపాటు. చాలా గొడవలు తెగకపోవడానికి కారణం ఒక ఫిర్యాదుకు ఇంకో ఫిర్యాదు తాలూకు జవాబు చెప్పడమే. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి తనను కసురుకున్నాడని ఒక సభ్యురాలు అంటుంది. పాలకవర్గం పద్దు పుస్తకం తెచ్చి లెక్క సరిగ్గానే ఉందని చూపిస్తుంది. లెక్క నిజంగానే సరిగ్గా ఉంటుంది. ఫిర్యాదు మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆమె అడిగింది లెక్క గురించి కాదు.

గౌరవం అన్న మాటలోనూ ఇలాంటి మెలికే ఉంది. తత్వవేత్త స్టీఫెన్ డార్వాల్ 1977లో దాన్ని రెండుగా విడదీశారు. ఒకటి ఎదుటివారిని మనిషిగా గుర్తించే గౌరవం. దాన్ని ఎవరూ సంపాదించుకోనక్కర్లేదు, అందులో ఎక్కువ తక్కువలు ఉండవు. రెండోది ప్రతిభకో, కష్టానికో ఇచ్చే మెప్పు. దాన్ని సంపాదించుకోవాలి, అందులో ఎక్కువ తక్కువలు సహజం. మొదటిదాన్ని రెండోదాని కొలబద్దతో పంచినప్పుడే తగువు వస్తుంది. మంచి మార్కులొచ్చే అమ్మాయిని "నువ్వు చెప్పమ్మా" అని, వెనక బెంచీ అబ్బాయిని "ఏయ్, నిన్నే" అని పిలిస్తే, మెప్పులో తేడా చూపుతున్నామని ఉపాధ్యాయుడు అనుకోవచ్చు. ఆ అబ్బాయి చెవికి మాత్రం అది ఒక కంట వెన్న, ఒక కంట సున్నం.

1200 యూనిట్ల మిగులు, ముగ్గురు సభ్యులు, నాలుగు న్యాయాలు

ఒక చిన్న ఉమ్మడి వ్యాపారంలో ఏడాది చివర 1200 యూనిట్ల సొమ్ము మిగిలిందనుకుందాం. సభ్యులు ముగ్గురు. మొదటి ఆయన పెట్టుబడిలో సగం పెట్టారు, కొనుగోళ్లు మాత్రం తక్కువ. రెండో ఆవిడ ఇంటికి కావలసినవన్నీ ఇక్కడే కొంటారు. మూడో ఆయన రోజూ వచ్చి పని చూసుకుంటారు.

| కొలమానం | మొదటి సభ్యుడు | రెండో సభ్యురాలు | మూడో సభ్యుడు |
|---|---|---|---|
| పెట్టుబడి | 50% | 30% | 20% |
| కొనుగోళ్లు | 10% | 60% | 30% |
| పని గంటలు (200లో) | 30 | 30 | 140 |

సమానంగా పంచితే తలా 400. పెట్టుబడి ప్రకారం పంచితే 600, 360, 240. కొనుగోళ్ల ప్రకారం 120, 720, 360. పని గంటల ప్రకారం 180, 180, 840. ఎవరికి ఏ పద్ధతి న్యాయంగా తోస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు, ఎవరూ అత్యాశపరులు కారు. ముగ్గురూ నిజంగానే ఏదో ఒకటి ఇచ్చారు.

సహకార ఉద్యమం ఈ చిక్కుకు పాత జవాబు ఒకటి కనిపెట్టింది. 1844 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో నేతపనివారు, ఇతర చేతివృత్తులవారు కలిసి తెరిచిన ఉమ్మడి దుకాణం దానికి ప్రసిద్ధ నమూనా. పెట్టుబడికి పరిమితమైన వడ్డీ ఇచ్చి, మిగిలినదాన్ని ఎవరెంత కొన్నారో ఆ నిష్పత్తిలో పంచారు. ఓటు మాత్రం పెట్టుబడితో సంబంధం లేకుండా మనిషికి ఒకటే. అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో ఆమోదించిన ఏడు సూత్రాల్లోనూ ఇదే ఆలోచన ఉంది: పెట్టుబడికి పరిమిత ప్రతిఫలం, కొంత రిజర్వు నిధికి, కొంత లావాదేవీల నిష్పత్తిలో సభ్యులకు.

దీన్ని మన లెక్కకు వర్తింపజేయబోతే మూడో సభ్యుడి దగ్గర చిక్కుకుంటాం. ఆయన చేసిన 140 గంటల పని ఎక్కడికి పోయింది? సామూహిక వ్యాపారాల్లో తరచూ జరిగే తప్పు ఇదే. ఒకరిద్దరు జీతం లేకుండా చేసిన పని "సేవ" పద్దులో కలిసిపోతుంది, దాని విలువ మిగులులో తేలుతుంది, ఆ మిగులును అందరూ పంచుకుంటారు. పని విలువ మిగులు కాదు, ఖర్చు. ముందు దాన్ని తీసేయాలి.

గంటకు 2 యూనిట్ల చొప్పున 200 గంటలకు 400 పోతే అసలు మిగులు 800. అందులో పావు వంతు, అంటే 200, రిజర్వుకు. మొత్తం పెట్టుబడి 3000 అనుకుంటే 6 శాతం వడ్డీ 180. మిగిలిన 420 కొనుగోళ్ల ప్రకారం. ఇప్పుడు ఒక్కొక్కరికి:

- మొదటి సభ్యుడు: పనికి 60, వడ్డీ 90, కొనుగోళ్లకు 42, మొత్తం 192
- రెండో సభ్యురాలు: 60, 54, 252, మొత్తం 366
- మూడో సభ్యుడు: 280, 36, 126, మొత్తం 442

రిజర్వు 200తో కలిపితే 1200 సరిపోతుంది. ఇది ఒక్కటే న్యాయమైన పంపకం అని ఎవరూ అనలేరు. గంట విలువ 2 ఎందుకు, 3 ఎందుకు కాదు? వడ్డీ 6 శాతమే ఎందుకు? వచ్చే ఏడాది సంఘం వదిలి వెళ్లే సభ్యుడికి రిజర్వులో పడిన సొమ్ము తనది కాకుండా పోయినట్టే. కానీ ఒక మేలు జరిగింది. "నాకు అన్యాయం" అనే ఒక పెద్ద ముద్ద మూడు నాలుగు చిన్న ప్రశ్నలుగా విడిపోయింది. చిన్న ప్రశ్న మీద ఓటు వేయవచ్చు. ముద్ద మీద వేయలేం.

జీతాల తేడా మీద కూడా వాదన రెండు వైపులా గట్టిదే. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు మాండ్రగాన్ సహకార సంస్థలు మొదట్లో కనిష్ఠ, గరిష్ఠ జీతాల మధ్య 1:3 నిష్పత్తి పెట్టుకున్నాయి. తర్వాత అది దాదాపు 1:6 వరకు పెరిగింది. తేడా మరీ తక్కువైతే అనుభవమున్న మేనేజర్లు నిలవరు. మరీ ఎక్కువైతే సంస్థ మనదన్న భావన సభ్యుల్లో నిలవదు.

మోర్టన్ డాయిచ్ 1975లో ఈ లాగులాటకు ఒక చక్కని చట్రం ఇచ్చారు. ఉత్పత్తి పెంచడమే లక్ష్యమైన చోట చేసినదాన్నిబట్టి పంచడం, సఖ్యత ముఖ్యమైన చోట సమానంగా పంచడం, ఎదుగుదల, సంక్షేమం ముఖ్యమైన చోట అవసరాన్నిబట్టి పంచడం పైచేయి సాధిస్తాయని ఆయన ప్రతిపాదన. సామూహిక వ్యాపారం బతకాలంటే మూడూ కావాలి. తరగతి గదికీ అంతే. అందుకే ఈ రెండు చోట్లా ఒకే సూత్రం పట్టుకుని కూర్చుంటే పని జరగదు.

తరగతిలో పంచేది మార్కులొక్కటే కాదు

తరగతిలో అన్నిటికంటే కొరతగా ఉండేది ఉపాధ్యాయుల దృష్టి. నలభై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు, పాతిక ప్రశ్నలు అనుకుందాం. చేతులెత్తినవారినే అడుగుతూ పోతే ఆరుగురు కలిసి 18 జవాబులు చెప్పడం ఏమంత వింత కాదు. మిగిలిన 34 మందికి 7 అవకాశాలు. అంటే తరగతిలో 15 శాతం మందికి 72 శాతం వంతులు. ఉపాధ్యాయురాలికి మాత్రం తరగతి బ్రహ్మాండంగా సాగినట్టే ఉంటుంది, ఎందుకంటే ప్రతి ప్రశ్నకూ జవాబు వచ్చింది. హాజరు పట్టీ నకలు పక్కన పెట్టుకుని, అడిగిన ప్రతిసారీ పేరు దగ్గర ఒక గీత గీస్తే ఈ లెక్క వారంలో బయటపడుతుంది.

వంతు దొరకడం సగం సంగతే. మేరీ బడ్ రో 1970ల్లో చేసిన పరిశీలనల్లో, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా వచ్చాయి, ఎక్కువమంది నోరు విప్పారు. ఇంకో సంగతి: బాగా చదువుతారని అనుకున్న పిల్లలకు ఎక్కువసేపు ఆగేవారు, చదవరని అనుకున్నవారికి తక్కువసేపు. ఆలోచించుకోవడానికి ఎక్కువ వ్యవధి కావలసిన పిల్లలకే తక్కువ దక్కింది. ఇందులో దురుద్దేశమేమీ లేదు. జవాబు రాని నిశ్శబ్దం పిల్లవాడికి ఇబ్బందిగా ఉంటుందేమోనన్న జాలితోనే చాలామంది త్వరగా పక్కవారి వైపు తిరుగుతారు. అవతల అర్థమయ్యేది మాత్రం "నీకు రాదులే" అని.

ఇక అవసరాన్నిబట్టి ఇవ్వడం. గోడ అవతల ఆట చూడటానికి పొట్టివాడికి రెండు పెట్టెలు, మధ్యవాడికి ఒకటి, పొడగరికి సున్నా వేసిన బొమ్మ మీరూ చూసే ఉంటారు. బొమ్మ బాగానే ఉంది, కానీ అందులో అసలు కష్టం కనబడదు. పెట్టె అక్కర్లేని పొడగరికి పోయిందేమీ లేదు. తరగతిలో ఒకరికి ఇచ్చిన ఐదు నిమిషాలు మరొకరి నుంచి తీసినవే. పైగా ఎవరికెంత అవసరమో ఎత్తులా కంటికి కనిపించదు.

అందుకే మినహాయింపుకూ నియమం కావాలి. చూపు మందగించిన విద్యార్థికి రెండు గంటల పరీక్షలో 25 శాతం అదనపు సమయం ఇస్తే రెండున్నర గంటలవుతుంది. అది పక్షపాతం కాకుండా ఉండాలంటే ఎవరు అడగవచ్చు, ఏ ఆధారం చూపాలి, ఎవరు నిర్ణయిస్తారు అన్నవి ముందే రాసి ఉండాలి. ఇంకో షరతు: పరీక్ష కొలిచేది వేగం కాకూడదు. చరిత్ర పరీక్షలో అదనపు సమయం జ్ఞానాన్ని బయటికి తెస్తుంది. టైపింగ్ వేగం కొలిచే పరీక్షలో అయితే కొలతనే మార్చేస్తుంది.

గుంపుకు 80 వస్తే ఎవరికెంత?

బృందంగా చేసే ప్రాజెక్టులో వాటా తగువు, మర్యాద తగువు రెండూ కలిసి వస్తాయి. నలుగురూ కలిసి చేసిన పనికి 80 మార్కులు వచ్చాయి. అందరికీ 80 వేస్తే పని మోసినవారికి మంట. విడివిడిగా వేస్తే కలిసి పనిచేయడం నేర్పిందేమిటన్న ప్రశ్న.

మధ్యే మార్గంగా సహచరుల అంచనాను వాడతారు. ఒక్కొక్కరి శ్రమకు మిగిలిన ముగ్గురు వేసిన అంకెల సగటు 5, 4, 4, 3 అనుకుందాం. మొత్తం సగటు 4. ప్రతి అంకెనూ 4తో భాగిస్తే 1.25, 1, 1, 0.75. నేరుగా 80ని వీటితో హెచ్చిస్తే 100, 80, 80, 60 వస్తాయి. సహచరుల అభిప్రాయానికి ఇంత బరువు ఎక్కువ. సగం మార్కును స్థిరంగా ఉంచి, మిగతా 40కి మాత్రమే ఈ గుణకం వాడితే 90, 80, 80, 70 అవుతాయి.

ఇది బెడిసికొట్టే చోట్లు తెలిసినవే. ముగ్గురు స్నేహితులు ఒక్కటై నాలుగోవారికి 1 వేయవచ్చు. తక్కువ మాట్లాడే అమ్మాయి చేసిన పని ఎవరి కంటా పడకపోవచ్చు. అందుకని అంకెతో పాటు ఒక వాక్యం కారణం రాయమనడం, మధ్యలో ఒకసారి ఉత్తుత్తి అంచనా వేయించి చూపడం అవసరం. మధ్యలో తెలిస్తే సరిదిద్దుకోవచ్చు. చివర్లో తెలిస్తే అది తీర్పే.

పద్ధతి: మాట వినడం, విన్నట్టు నటించడం

జెరాల్డ్ లెవెంథాల్ 1980లో న్యాయమైన పద్ధతికి ఆరు గుణాలు చెప్పారు: అందరికీ ఒకేలా వర్తించడం, నిర్ణయించేవారి స్వార్థం చొరబడకపోవడం, సరైన సమాచారం, తప్పు దిద్దుకునే దారి, సంబంధిత వర్గాలన్నిటి గొంతూ వినడం, నైతికత. వీటిలో స్వార్థం సంగతి పైకి కనిపించేది, అందరూ పట్టుకుంటారు. తప్పు దిద్దుకునే దారినే ఎక్కువగా మరిచిపోతారు.

గొంతు వినడం గురించి ప్రయోగాల ఫలితాలు కాస్త ఇబ్బందికరంగా ఉంటాయి. లిండ్, కాన్ఫర్, ఎర్లీ 1990లో విద్యార్థులకు ఒక పని, దానికో లక్ష్యం ఇచ్చారు. కొందరి అభిప్రాయం లక్ష్యం నిర్ణయించకముందు అడిగారు, కొందరిది నిర్ణయించేశాక అడిగారు, కొందరిని అసలు అడగలేదు. ముందే అడిగినవారికి పద్ధతి అన్నిటికంటే న్యాయంగా తోచింది. వింతేమిటంటే, నిర్ణయం అయిపోయాక అడిగినా, అసలు అడగనిదానికంటే నయంగానే అనిపించింది. మన మాట విన్నారన్నది స్వయంగా ఒక మర్యాద.

దీన్నిబట్టి ఊరికే అడిగేస్తే చాలనుకునేవారు రాబర్ట్ ఫోల్గర్ 1977లో చూపినదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మాట చెప్పించుకుని, మళ్లీ మళ్లీ అన్యాయమే కొనసాగిస్తే, అసలు అడగనప్పటికంటే కోపం పెరగవచ్చు. సంఘాల సమావేశాల్లో ఇది పదే పదే కనిపిస్తుంది. సభ్యుల సూచనలు మినిట్స్ పుస్తకంలో ఎక్కుతాయి, వచ్చే ఏడాది అవే సూచనలు మళ్లీ ఎక్కుతాయి. మూడో ఏడు కోరం ఉండదు. సూచనకు "కాదు" అన్న జవాబు ఇచ్చినా పరవాలేదు, కారణంతో ఇవ్వాలి.

తొంభై నిమిషాలు, పదిహేను నిమిషాలు

మర్యాద పైపూత కాదనడానికి జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన పరిశీలన కంటే గట్టి ఉదాహరణ దొరకడం కష్టం. ఒకే సంస్థకు చెందిన రెండు కర్మాగారాల్లో పది వారాల పాటు జీతం 15 శాతం కోశారు. మూడోదాంట్లో కోయలేదు. మొదటిచోట సుమారు తొంభై నిమిషాల సమావేశం పెట్టి, లెక్కలు చూపి, విచారం తెలిపి, ప్రశ్నలకు జవాబులిచ్చారు. రెండోచోట పదిహేను నిమిషాల్లో విషయం చెప్పి పంపారు. కోత ఒకటే. కోత కాలంలో రెండుచోట్లా సంస్థ సామాను దొంగతనాలు పెరిగాయి, కానీ వివరంగా చెప్పిన చోట పెరుగుదల చాలా తక్కువ. పూర్తి జీతం మళ్లీ మొదలయ్యాక దొంగతనాలు పాత స్థాయికి వచ్చాయి.

దీన్ని తలకిందులుగానూ చదవవచ్చు, చదివారు కూడా: తీయగా మాట్లాడితే అన్యాయమైన కోతనూ మింగించవచ్చన్నమాట! ఆ విమర్శలో నిజముంది. అందుకే మర్యాదను వాటాకు బదులుగా లెక్కపెట్టకూడదు. మూడు పద్దులూ విడివిడిగా సరిపోవాలి.

తప్పు జరిగినప్పుడు: ఒకరి తప్పుకు అందరికీ శిక్షా?

ఒకడు ఈల వేశాడు, ఎవరో తేలలేదు, తరగతి మొత్తాన్ని నిలబెట్టారు. ఉపాధ్యాయుల వైపు కారణం ఉంది: పిల్లల మధ్య ఒత్తిడే తప్పును ఆపుతుందని. ఎదురు వాదన ఏమిటంటే, తప్పు చేయనివారికి తాము మంచిగా ఉన్నా లేకున్నా ఒకటేనని అర్థమవుతుంది. యుద్ధకాలంలో పౌరులకు సామూహిక శిక్ష వేయడాన్ని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలోని 33వ అధికరణం నిషేధించింది. బడికి ఆ ఒప్పందం వర్తించదు, కానీ ఆ ఆలోచన ఎంత పాతుకుపోయిందో తెలుస్తుంది. బడికి వర్తించేది 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం. క్రమశిక్షణ పిల్లల మానవ గౌరవానికి తగ్గట్టు ఉండాలని 28వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 12వ అధికరణం చెబుతాయి.

తప్పు చేసినవారితో కూర్చుని నష్టాన్ని సరిదిద్దించే పద్ధతికి ఇటీవల ఆదరణ పెరిగింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ బడుల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. సస్పెన్షన్లు తగ్గాయి, బడి వాతావరణం బాగుపడిందని ఉపాధ్యాయులు చెప్పారు. అయితే 6 నుంచి 8 తరగతుల పిల్లల చదువు ఫలితాలు కొంత దిగజారాయి. కాబట్టి ఇది మందూ కాదు, మాయా కాదు.

సంఘాల్లో శిక్షల సంగతికి ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ఇచ్చిన సమాధానం ఉపయోగపడుతుంది. ఉమ్మడి వనరులను తరతరాలుగా కాపాడుకున్న సమూహాలను పరిశీలించిన ఆమెకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. నిలిచిన సమూహాల్లో శిక్షలు మెట్లుమెట్లుగా ఉన్నాయి: మొదటిసారికి చిన్నవి, మళ్లీ చేస్తే పెద్దవి. బాకీ ఆలస్యమైతే ముందు విడిగా గుర్తుచేయడం, తర్వాత చిన్న జరిమానా, ఆ పైన కొంతకాలం సౌకర్యాల నిలుపుదల. మొదటి తప్పుకే సభ్యత్వం రద్దని రాసుకుంటే ఏమవుతుంది? వేయడానికి ఎవరికీ చేయి రాదు. ఒకసారి వదిలేస్తారు, రెండోసారి వదిలేస్తారు, మూడోసారి తమకు గిట్టనివాడి మీద వేస్తారు. కఠినమైన నియమం పక్షపాతంగా మారే దారి ఇది.

ఒకచోటి పద్ధతి ఇంకోచోట ఎక్కడ ఆగుతుంది

సంఘంలో మనిషికో ఓటు ఉంది కదా అని తరగతిలో మార్కుల మీద ఓటు పెట్టలేం. జవాబు సరైనదా కాదా అన్నది మెజారిటీతో తేలదు. తరగతి నియమాలు, వంతులు, పనుల పంపకం మీద పిల్లల మాట చెల్లుతుంది. అలాగే బడిలో ఉపాధ్యాయుడికి ఉండే అధికారాన్ని సంఘ కార్యదర్శి అరువు తెచ్చుకోలేడు. సభ్యులు అతని విద్యార్థులు కారు, అతని యజమానులు.

రెండుచోట్లా ఒకేలా పనిచేసేది తప్పు దిద్దుకునే దారి ఒక్కటే. అదీ వివరాల్లో ఉంటుంది. జవాబు పత్రం మళ్లీ దిద్దమని అడిగినప్పుడు అదే ఉపాధ్యాయుడికి అదే పత్రం ఇస్తే పాత మార్కే తిరిగి రావడం సహజం, పైన ఎర్ర సిరాతో అది కనిపిస్తూనే ఉంటుంది కదా. రెండోవారికి ఇవ్వాలి, పేరూ మొదటి మార్కూ కప్పి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో తేలుస్తారో ముందే చెప్పాలి, మార్కు తగ్గే అవకాశం కూడా ఉందో లేదో అర్జీలోనే రాయాలి. సంఘంలో వాటా లెక్క మీద అభ్యంతరం వచ్చినా ఇంతే: ఆ లెక్క వేసినవారు కాకుండా పద్దు చదవగల మరో ఇద్దరు సభ్యులు, రశీదుల కట్ట, తేల్చాల్సిన తేదీ.